గిద్దలూరు పక్కగా ఒక గీత

అట్లాసులో హైదరాబాదుకూ తిరుపతికీ మధ్య స్కేలు పెట్టి ఒక గీత గీయండి. సుమారు సగం దూరంలో అది గిద్దలూరుకు కొద్ది కిలోమీటర్ల తూర్పుగా పోతుంది. దాని పొడవెంత?

రెండు విమానాశ్రయాల అక్షాంశాల తేడా 3.6 డిగ్రీలు. డిగ్రీకి సుమారు 111 కి.మీ. చొప్పున ఉత్తర దక్షిణాలుగా 400 కి.మీ. రేఖాంశాల తేడా 1.1 డిగ్రీలు. ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కదా! అందుచేత ఇక్కడ డిగ్రీకి 107 కి.మీ. మాత్రమే. అంటే తూర్పు పడమరలుగా 118 కి.మీ. ఈ రెండూ లంబకోణ త్రిభుజ భుజాలనుకుంటే, పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం 417 కి.మీ. అదే వైమానిక దూరం. చుట్టు తిరిగిపోయే రోడ్డు 550 కి.మీ. దాటుతుంది.

గంటకు 800 కి.మీ. వేగంతో పోయే జెట్ విమానానికి ఇది అరగంట ప్రయాణమే. మరి టైంటేబుల్లో గంటకు పైగా ఎందుకు చూపుతారు? విమానం నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు, దిగి మళ్ళీ ఆగేవరకూ పట్టే కాలమంతా అందులో లెక్కే. నేలమీద అది మెల్లగా నడవాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ. రన్‌వే ఉన్న దిశకు తిరగాలి. ఎదురుగాలి వీస్తే మరికొంత ఆలస్యం. దూరం తక్కువైనకొద్దీ ఈ అదనపు కాలమే ఎక్కువ భాగమవుతుంది.

గిద్దలూరు, నంద్యాలల మధ్య అక్షాంశాల తేడా 0.1 డిగ్రీ, రేఖాంశాల తేడా 0.45 డిగ్రీ. నల్లమల మీదుగా తిన్నగా ఎగిరితే ఎంత దూరమో ఇక మీరే లెక్కకట్టండి!