ఒకే కారు, రెండు మైలేజీలు ఎందుకు?

పిల్లలూ! రాజంపేట నుంచి హైదరాబాద్‌కు డీజిల్ ఆటోమేటిక్ ఎస్‌యూవీలో వెళ్తున్నారనుకోండి. ఊరి వీధుల్లో మైలేజీ తక్కువ. 44వ జాతీయ రహదారి ఎక్కాక ఎక్కువ. ఎందుకు?

సుమారు రెండు టన్నుల బండిని ఆగినచోటి నుంచి కదిలించాలంటే చాలా డీజిల్ కావాలి. గేదెలు అడ్డొచ్చి బ్రేకు వేశారా, ఆ వేగంలోని శక్తంతా వేడిగా మారి పోతుంది. మళ్లీ మొదటికే! పైగా చాలా ఆటోమేటిక్ బండ్లలో ఇంజన్ శక్తి నూనె ద్వారా చక్రాలకు చేరుతుంది, తిరిగే ఫ్యాన్ గాలికి ఎదుటి ఫ్యాన్ తిరిగినట్టు. బండి నెమ్మదిగా వెళ్తుంటే కొంత శక్తి ఆ నూనెలోనే వృథా అవుతుంది. హైవేపై ఆ ఫ్యాన్లలాంటి రెండు భాగాలూ బిగుసుకొని ఒక్కటిగా తిరుగుతాయి.

అలాగని దూసుకుపోకూడదు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది.

అసలు మైలేజీ తెలియాలా? ట్యాంకు నిండా పోయించండి. తిరిగిన కిలోమీటర్లను, మళ్లీ నిండడానికి పట్టిన లీటర్లతో భాగించండి.