మీకు తెలుసా? మిత్రుడే కానీ యుద్ధానికి రాడు!

పటాన్‌చెరు నుంచి ముంబై హైవే పట్టుకుని సంగారెడ్డి, జహీరాబాద్ దాటితే బీదర్ ఎంతో దూరం లేదు. స్వీడన్ సంస్థ పారడాక్స్ 2013లో తెచ్చిన 'యూరోపా యూనివర్సాలిస్ 4' గేమ్‌లో, ఆ బీదర్ నుంచి ఏలిన బహమనీ సుల్తాన్‌గా మీరు ఆడొచ్చు. ఆట మొదలయ్యేది 1444 నవంబరు 11న.

పొత్తు అడిగితే కంప్యూటర్ రాజు కూడికలు, తీసివేతలు వేసుకుంటాడు. ఒక్కో కారణం పక్కన ఒక ప్లస్సో మైనస్సో కనిపిస్తుంది. మొత్తం సున్నా దాటితేనే సై. తీరా యుద్ధం వచ్చాక, అప్పులున్నాయని పాత మిత్రుడే మొహం చాటేస్తాడు. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగొచ్చి అర్ధరాత్రి దాకా వాడికి కానుకలు పంపిన మనిషికి ఒళ్లు మండదూ!

కానీ అసలు చరిత్ర దీన్ని మించింది. విజయనగరంలో అళియ రామరాయల అండన ఏడేళ్లు తలదాచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా, గోల్కొండ సుల్తానయ్యాక 1565లో తళ్లికోట యుద్ధానికి ఆ రామరాయల మీదికే సేనలతో కదిలాడు. ఈ లెక్క ఏ ప్లస్సులకు అందుతుంది?