బోర్డు నడిస్తే సరిపోదు, ముట్టుకుంటే బతకాలె

ఊర్లల్ల ఇప్పుడు చానమంది పోరలు ఫోన్‌తోని లైట్లు, ఫ్యాన్లు నడిపే బోర్డులు సొంతంగ జేసుకుంటున్నరు. మెచ్చుకోవాల్సిన ముచ్చటనే. కోడ్ యూట్యూబ్ల జూసి నేర్చుకోవచ్చు, తప్పైతే మళ్ల రాసుకోవచ్చు. కానీ ఆ బోర్డుకు కరెంటు ఇచ్చే కాడ తప్పైతే మళ్ల దిద్దుకునే మోకా ఉండకపోవచ్చు.

లెక్క జూడుండ్రి. ఇంటికొచ్చేది 230 వోల్టుల ఏసీ. అంచుల 325 వోల్టుల దాంక లేస్తది. ఈఎస్పీ చిప్పుకు కావాల్సింది 3.3 వోల్టుల డీసీ. నడుమ ఏదో ఒకటి తగ్గియ్యాలె.

చవుకల అయితదని కొందరు ట్రాన్స్‌ఫార్మర్ లేకుంట ఒక కెపాసిటర్, నాలుగు డయోడ్లు పెట్టి తగ్గిస్తున్నరు. మీటర్ పెడితే 5 వోల్టులే చూపెడ్తది. మోసం గక్కడనే ఉన్నది. ఆ 5 వోల్టులు రెండు తీగల నడుమ లెక్క మాత్రమే. భూమికీ బోర్డుకూ నడుమ ఫేస్ కరెంటే ఉండొచ్చు. ఒట్టి కాళ్లతోని నిలబడి ముట్టుకుంటే షాకే. ప్లగ్గు తీయకుంటనే కోడ్ ఎక్కిద్దామని యూఎస్‌బీ వైరు పెడితే ల్యాప్‌టాప్ గూడ కాలిపోవచ్చు.

పోనీ పనన్న జేస్తదా అంటే అదీ లేదు. ఒక మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ల నుంచి వచ్చేది 70 మిల్లీఆంపుల చిల్లర. వైఫై సిగ్నల్ పంపేటప్పుడు ఈఎస్పీ 300 మిల్లీఆంపుల దాంక గుంజుతది. బోర్డు మాటిమాటికి రీసెట్ అయితది. మనమేమో కోడ్ల తప్పు ఎతుకుతుంటం.

మరి ఏం జేయాలె? మంచి కంపెనీది 5 వోల్టుల ఫోన్ చార్జర్ వాడుండ్రి. దాన్ల మెయిన్స్‌కూ బయటికొచ్చే 5 వోల్టులకూ నడుమ అడ్డుగోడ ఉంటది. ఆ తీగ బోర్డు యూఎస్‌బీకి పెట్టాలె, 3.3 పిన్నుకు కాదు. స్విచ్ బాక్స్‌లనే ఇమడాలంటే హై-లింక్ అసొంటి 5 వోల్టుల, 3 వాట్ల మాడ్యూల్ దొరుకుతది. ఫేస్ తీగల ఫ్యూజు, దాని ఎనుక సర్జ్‌ను ఆపే ఎంఓవీ తప్పక పెట్టాలె. 230 వోల్టుల తీగలు, 5 వోల్టుల తీగలు కలవకుంట ఎడం ఉంచి, అంతా ప్లాస్టిక్ డబ్బాల మూసెయ్యాలె.

ఇంట్ల 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఉంటే ఇంక మంచిది. కరెంటు భూమిలకు లీకైతే అది బందైతది. కానీ ఫేస్, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే అదీ కాపాడలేదు. అందుకే పెట్టె ఇప్పేముందు మెయిన్ బంద్ జేసి టెస్టర్ పెట్టి చూడాలె.

బోరు మోటరు సంగతి ఇంకో కథ. చిన్న రిలే మీద 10 ఆంపులని రాసున్నా, మోటరు సురువయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారింతలు గుంజుతది. రిలేతోని కాంటాక్టర్‌ను, కాంటాక్టర్‌తోని మోటరును నడపాలె.

చార్జర్‌కు, ఫ్యూజుకు కలిపి పెట్టేది కొన్ని వందలే. రేపు ఆ స్విచ్ మీద చెయ్యి పెట్టేది మన అమ్మనో, చెల్లెనో. వాళ్లకు కోడ్ తెల్వది, మనమీద నమ్మకమే తెల్సు.