మాటసాయాన్ని లెక్కగట్టిన యంత్రం

1997 నవంబరు నాటి సంగతి. అప్పట్లో ముందు వరసలో ఉన్న వ్యాపార సెర్చ్ ఇంజిన్లు నాలుగు. వాటిలో ఏ ఇంజిన్ పేరు ఆ ఇంజిన్‌లోనే కొట్టి వెతికితే, మొదటి పది ఫలితాల్లో తన పేజీని తాను చూపించగలిగింది ఒక్కటే. మిగతా మూడింటికీ తమ ఇంటి చిరునామా తమకే దొరకలేదు. ఈ విచిత్రాన్ని తమ పరిశోధన పత్రంలో రాసినవాళ్లు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్.

సమాచారం లేకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదది. 1995 డిసెంబరులో వచ్చిన ఆల్టావిస్టా అనే సెర్చ్ ఇంజిన్ కోట్ల పదాలను క్షణాల్లో గాలించేది. చిక్కంతా వరసలో ఉంది. వేల పేజీల్లో ఒకే మాట ఉంటే ముందు దేన్ని చూపించాలి? ఆ మాట పేజీలో ఎన్నిసార్లు ఉంది, శీర్షికలో ఉందా లేదా అన్నదే అప్పటికున్న ప్రధాన కొలత. అది కనిపెట్టిన వ్యాపారులు తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో ఒకే మాటను వందలసార్లు రాసేవారు. చదివేవాడి కంటికి కనబడదు, యంత్రానికి కనబడుతుంది. ఎవరి డప్పు వాళ్లే కొట్టుకుంటే పెద్ద చప్పుడు చేసినవాడిదే మొదటి ర్యాంకు.

పల్లెల్లో పెళ్లి సంబంధం చూసేటప్పుడు పిల్లాడి మంచితనం గురించి పిల్లాణ్నే అడగరు. ఊళ్లో నలుగురినీ విచారిస్తారు. ఆ నలుగురిలోనూ అందరి మాటకూ ఒకే విలువ ఇవ్వరు. కనబడ్డ ప్రతివాణ్నీ మెచ్చుకునే పెద్దమనిషి మాట ఒక చెవిన విని వదిలేస్తారు. ఎప్పుడో గాని ఎవరినీ మెచ్చుకోనివాడు ‘బుద్ధిమంతుడు’ అన్నాడంటే ఆగి ఆలోచిస్తారు. పేజ్, బ్రిన్ తయారుచేసిన పేజ్‌ర్యాంక్ అనే లెక్క చేసిన పని ఇదే. ఒక పేజీ ఇంకో పేజీకి ఇచ్చే లింకును అది మాటసాయంగా తీసుకుంది.

ఈ ఆలోచనకు పూర్వీకులు ఉన్నారు. ఒక శాస్త్రవ్యాసాన్ని తర్వాతివాళ్లు ఎన్నిసార్లు ఉదహరించారో నమోదు చేసే సూచికను యూజీన్ గార్ఫీల్డ్ 1964లోనే తెచ్చాడు. ఉదహరించిన పత్రికకు ఎంత విలువుందో అదీ లెక్కలోకి రావాలని 1976లో పిన్‌స్కీ, నారిన్ సూత్రీకరించారు. 1996లోనే రాబిన్ లీ లింకుల ఆధారంగా ర్యాంకులిచ్చే పద్ధతిని తయారు చేశాడు. ఆయనే తర్వాత చైనాలో బైదూ స్థాపించాడు. అందుకే పేజ్‌ర్యాంక్ శూన్యంలోంచి ఊడిపడిందంటే నేను ఒప్పుకోను. అయితే వెబ్ మీద అంత పెద్ద ఎత్తున ఆ లెక్క నడిపి చూపించిన ఘనత మాత్రం పేజ్, బ్రిన్‌లది.

1996లో పేజ్ మొదలుపెట్టిన ఈ పనికి మొదటి పేరు బ్యాక్‌రబ్. ఒక పేజీలోంచి లింకులు ఎక్కడికి పోతున్నాయో తెలుసుకోవడం తేలిక, ఆ పేజీ తెరిస్తే చాలు. దానికి ఎవరెవరు లింకులిచ్చారో తెలియాలంటే మాత్రం వెబ్ అంతా పోగుచేయాలి. పోగుచేశాక వచ్చే లెక్క ఎలాంటిదో కాగితం మీద వేసుకోవచ్చు.

మూడు పేజీలు ఉన్నాయనుకుందాం: వంటలు, పచ్చళ్లు, పండగలు. వంటల పేజీ మిగతా రెండింటికీ లింకు ఇచ్చింది. పచ్చళ్ల పేజీ పండగలకు ఇచ్చింది. పండగల పేజీ వంటలకు ఇచ్చింది. తలా 20 మార్కులతో మొదలుపెడదాం. ప్రతి పేజీ తన మార్కులను తాను లింకు ఇచ్చినవాళ్లకు సమానంగా పంచాలి. మొదటి విడతలో వంటలకు పండగల నుంచి 20 వస్తాయి. పచ్చళ్లకు వంటల నుంచి సగం, అంటే 10. పండగలకు వంటల నుంచి 10, పచ్చళ్ల నుంచి 20, కలిపి 30. రెండో విడతలో ఇవి వరసగా 30, 10, 20 అవుతాయి. మూడో విడతలో 20, 15, 25. ఇలా పంచుకుంటూ పోతే ఊగులాట తగ్గి 24, 12, 24 దగ్గర నిలుస్తాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు పంచినా అవి మారవు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. పండగలకు ఇద్దరు లింకు ఇచ్చారు, వంటలకు ఒక్కరే ఇచ్చారు. అయినా రెండింటికీ మార్కులు సమానం. వంటలకు లింకు ఇచ్చిన ఆ ఒక్కరూ గట్టివారు, పైగా తమ మాటను ముక్కలు చేయకుండా మొత్తంగా ఇచ్చారు. పేజ్‌ర్యాంక్ ప్రాణమంతా ఈ చిన్న లెక్కలో ఉంది. ఎన్ని లింకులు వచ్చాయన్నదానితో పాటు ఎవరు ఇచ్చారు, ఎంతమందితో కలిపి ఇచ్చారు అన్నదీ దీనికి ముఖ్యమే.

దీనికో చిన్న సర్దుబాటు కావలసి వచ్చింది. కొన్ని పేజీలు తమలో తామే లింకులిచ్చుకుంటూ మార్కులన్నీ దిగమింగుతాయి. అందుకని లింకులు నొక్కుకుంటూ తిరిగే ఒక పాఠకుణ్ని ఊహించుకున్నారు. నూటికి 85 సార్లు అతను ఏదో ఒక లింకు పట్టుకుని ముందుకు పోతాడు. మిగతా 15 సార్లు విసుగొచ్చి ఎక్కడో మరో పేజీలో తేలతాడు. మనిషికి పుట్టే విసుగును గణితంలోకి తెచ్చి చిక్కుముడి విప్పిన తీరు నాకు ఈ కథలో అన్నిటికన్నా అందంగా తోస్తుంది.

ఈ పంపకం కోట్ల పేజీల మీద ఎప్పటికి తెమిలేను? 32 కోట్ల 20 లక్షల లింకుల మీద నడిపితే 52 విడతల్లో లెక్క కుదురుకుంది. అందులో సగం లింకులకే దాదాపు 45 విడతలు పట్టాయి. లింకులు రెట్టింపైనా పెరిగినవి ఏడు విడతలే. వెబ్ ఎంత పెరిగినా ఈ యంత్రం తట్టుకుంటుందని అప్పుడే తేలిపోయింది.

ఆ రోజుల్లో పేజ్, బ్రిన్‌ల హార్డ్ డిస్కులు పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన పెట్టెలో ఉండేవి. ప్రొఫెసర్లు టెరీ వినోగ్రాడ్, జమ్మూలో పుట్టి ఐఐటీ కాన్పూర్‌లో చదివిన రాజీవ్ మొత్వానీ అండగా నిలిచారు. 1998 ఏప్రిల్‌లో బ్రిస్బేన్ సదస్సులో సమర్పించిన పత్రం నాటికి వాళ్ల దగ్గర 2 కోట్ల 40 లక్షల పేజీలు పోగయ్యాయి. అదే ఏడాది సెప్టెంబరులో వాళ్ల గూగుల్ కంపెనీ పుట్టింది. పేజ్‌ర్యాంక్ పేటెంటు హక్కు స్టాన్‌ఫర్డ్‌కు దక్కింది. దాన్ని వాడుకోనిచ్చినందుకు విశ్వవిద్యాలయానికి ముట్టిన 18 లక్షల షేర్లు 2005 నాటికి 33.6 కోట్ల డాలర్లు తెచ్చాయి.

యంత్రానికి తెగులు పట్టిందీ ఈ కాలంలోనే. 2000లో గూగుల్ ఇచ్చిన టూల్‌బార్‌లో ప్రతి పేజీకీ సున్నా నుంచి పది దాకా మార్కు చూపించే పచ్చ గీత ఉండేది. నా ఉద్దేశంలో పెద్ద పొరపాటు అదే. మార్కు బయటపడగానే దానికి ధర పలికింది. ఎక్కువ మార్కులున్న పేజీ నుంచి లింకు కొనడం, అమ్మడం ఒక వ్యాపారమైంది. లింకులివ్వడానికే వేల దొంగ పేజీలు పుట్టాయి. ఊళ్లో నలుగురూ చెప్పే మాట కాస్తా కూలి సాక్ష్యంగా మారింది. 2012 ఏప్రిల్ 24న పెంగ్విన్ అనే మార్పుతో గూగుల్ ఇలాంటి కొన్న లింకుల మీద వేటు వేసింది. రాత్రికి రాత్రే ఎన్నో సైట్లు వెనకబడ్డాయి. 2016లో ఆ పచ్చ గీతను పూర్తిగా తీసేశారు. లోపల మాత్రం పేజ్‌ర్యాంక్ ఇంకా పనిచేస్తూనే ఉందని 2017లో ఆ సంస్థ ఉద్యోగే చెప్పాడు. వందలాది కొలతల నడుమ ఇప్పుడు అదొకటి.

నెల రోజుల్లో మీ సైటును మొదటి పేజీకి ఎక్కిస్తామని ఫోన్లు చేసేవాళ్లకు ఈ చరిత్ర తెలియదు, లేదా మీకు తెలియదని వాళ్ల నమ్మకం. వాళ్లకు డబ్బు కట్టకండి. వెతికేవాళ్లు ఏ మాటతో వెతుకుతారో ఆ మాట శీర్షికలో పెట్టండి. ఫోనులో తొందరగా తెరుచుకునేలా చూడండి. మిగతాదంతా పేజీలో సరుకును బట్టి, దాన్ని మెచ్చి లింకు ఇచ్చేవాళ్లను బట్టి ఉంటుంది.

తెలుగు సైట్లకు ఇంకో బాధ ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా మన పత్రికల సైట్లు చాలా ఏళ్లు సొంత ఫాంట్లతోనే నడిచాయి. తెర మీద ‘అమ్మ’ అని కనబడేది గాని లోపల దాచింది వేరే గుర్తులు. సెర్చ్ ఇంజిన్ దృష్టిలో అది తెలుగే కాదు. అలా ఎంత మంచి రాత వెతికేవాళ్లకు అందకుండా పోయిందో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఆ అడ్డు ఇప్పుడు తొలగింది. ఒకరికొకరు లింకులిచ్చుకునే అలవాటు మాత్రం మనకింకా రాలేదు. ఎక్కడో చదివి మన పేజీలో రాసుకుంటాం, ఎక్కడ చదివామో చెప్పం. అవతలివాడి పేజీకి దక్కాల్సిన మాటసాయం అక్కడే ఆగిపోతుంది.

మీరు తెలుగులో సైటు నడుపుతుంటే ఈ రోజే మీ పాత వ్యాసం ఒకటి తెరవండి. అందులో మీరు ఆధారపడ్డ తెలుగు పేజీ ఏదైనా ఉంటే, అది ఎంత చిన్నవాళ్లదైనా సరే, దానికి ఒక లింకు పెట్టండి.