పథ్యానికి మొదటి మెట్టు: వంటింటి అమరిక

వైద్యుడు మందుచీటీ వ్రాసి, పథ్యం చెప్పి పంపిన తరువాత ఆ పథ్యం ఎవరి చేతుల మీదుగా నడుస్తుందన్న ప్రశ్న మా వృత్తిలో చాలామంది వేసుకోరు. జొన్నరొట్టె తినమంటాము, పెసరకట్టు పుచ్చుకోమంటాము, ఏ పూటకాపూట వేడిగా వండినదే భుజించమంటాము. రోగి తల ఊపుతాడు. ప్రక్కన కూర్చున్న ఇల్లాలు ఏమీ మాట్లాడదు. ఆ రోజు నుండి ఆ ఇంట ఒక వంటకు బదులు రెండు వంటలు మొదలవుతాయి. నెల తిరిగేసరికి పథ్యం సడలిపోతే మేము నిందించేది రోగి జిహ్వచాపల్యాన్ని. నా అనుభవంలో చాలా ఇండ్లలో దోషం నాలుకది కాదు, వంటగది అమరికది.

మధుమేహంతో నావద్దకు వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి, ఆయన వాడుతున్న మందులతో పాటు, రాత్రిపూట జొన్నరొట్టె, ఆకుకూర విధించాను. మూడు వారాలు సక్రమంగా సాగింది. తరువాత మళ్లీ అన్నమే. ఆయన భార్య కూడా నా వద్దనే వైద్యం పొందుతున్నది. కుడిభుజం నొప్పి, దానికి తోడు అమ్లపిత్తం. ఒకనాడు ఆ వీధికి వెళ్లినప్పుడు వారింట ఆగి, ఆమె అనుమతితో వంటగది చూశాను. జొన్నపిండి డబ్బా అటక మీద ఉన్నది. దానిని దించాలంటే స్టూలు కావాలి. స్టూలు వరండాలో ఉన్నది. పెనం గట్టు క్రింది అరలో, నాలుగు గిన్నెల అడుగున. రొట్టె తట్టే పీట పాతసామాను గదిలో. అరవై ఏండ్లు పైబడిన స్త్రీ, భుజం ఎత్తలేని స్థితిలో, రాత్రి ఏడు గంటల వేళ ఇంత ప్రయాణం చేసి రెండు రొట్టెలు కాల్చాలి. మూడు వారాలు కాల్చడమే ఆమె గొప్పతనం!

ఆ సాయంత్రమే వారి మనుమడి చేత పిండి డబ్బా, పెనం, పీట మూడింటినీ పొయ్యి ప్రక్కన ఒకే అరలోకి చేర్పించాను. పై అరలో ఉన్న పప్పుల డబ్బాలను నడుము ఎత్తుకు దింపించాను. పథ్యం మళ్లీ పట్టాలెక్కింది. ఆమె భుజానికి అంతకుముందు నుండి తైలం ఇస్తూనే ఉన్నాను. ఆ డబ్బాలు క్రిందికి దిగిన తరువాతనే తైలం పని చేయసాగింది.

శాస్త్రంలో మహానసం

వంటగది సంగతి వైద్యునికెందుకు అని కొందరికి అనిపించవచ్చును. చరకమహర్షి విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారపు మంచిచెడ్డలను నిర్ణయించే ఎనిమిది విషయాలను చెప్పినాడు: ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగసంస్థ, ఉపయోక్త. వీటిలో కరణమంటే సంస్కారం. పదార్థం నీటితో, నిప్పుతో, పాత్రతో, కాలంతో పొందే మార్పు అంతా అందులోనిదే. అంటే ఒకే కందిపప్పు, ఒకే బియ్యం రెండు ఇండ్లలో రెండు రకాల ఆహారం కాగలదు.

సుశ్రుతుడు కల్పస్థానం ఆరంభంలోనే రాజుగారి వంటశాలను వర్ణించినాడు. రాజుకు విషప్రయోగం జరగకుండా చూడడం అక్కడి సందర్భం. అయినా ఆ వర్ణన నేటి ఇంటికీ సరిపోతుంది: విశాలంగా ఉండాలి, పాత్రలు శుభ్రంగా ఉండాలి, గవాక్షాలుండాలి, వాటికి జాలీ ఉండాలి. వంటవారు గోళ్లు, జుట్టు కత్తిరించుకొని, స్నానం చేసి, తలకు గుడ్డ చుట్టుకొని పని చేయాలి. మన ఇండ్లలో ఎన్ని వంటగదుల కిటికీలు డబ్బాల వరుసలతో మూతపడి ఉన్నాయో పాఠకులు ఒకసారి లేచి చూడగలరు. వెలుతురు, గాలి వచ్చే దారిని మూసి, ఆ తరువాత పొగ పీల్చే యంత్రం కొనడం నాకు వింతగా తోస్తుంది.

దిక్కుల విషయం చాలామంది అడుగుతారు. ఆగ్నేయాన వంటగది కట్టుకోగలిగినవారు కట్టుకోవచ్చును. కట్టి ఉన్న ఇంటి గోడలు పగులగొట్టే ధనంతో గట్టు ఎత్తు సరిచేయించుకోవడం మేలని నా అభిప్రాయం.

కూర్చున్న వంట, నిలుచున్న వంట

మా తల్లిగారు కట్టెలపొయ్యి ముందు పీట వేసుకొని కూర్చుండి వండేది. కుడిచేతి వైపు పోపులపెట్టె, ఉప్పుజాడీ, నూనెగిన్నె. ఎడమచేతి వైపు నీళ్ల బిందె. వెనుక గోడకు గరిటెలు, అట్లకాడ, చిల్లులగరిటె. మసిగుడ్డ మోకాలి మీదనే. ఒకసారి కూర్చుంటే పప్పు దిగేవరకు లేచే పని లేదు. ఆ వంటలో పొగ ఉన్నది, కండ్ల మంట ఉన్నది. దానిని పొగడడం నా ఉద్దేశం కాదు. కాని ఆ అమరికలో ఒక తెలివి ఉన్నది. చేయి చాచిన దూరమే వంటగది సరిహద్దు.

గ్యాసుపొయ్యి వచ్చిన తరువాత మనం లేచి నిలుచున్నాము. పొయ్యి గట్టు మీదికి ఎక్కింది. సామాను మాత్రం దానివెంట ఎక్కలేదు. కొంత నేల మీదనే ఉండిపోయింది, కొంత అందనంత ఎత్తుకు, అటకకు పోయింది. నేటి గృహిణి నడుము నొప్పి, మెడనొప్పి, మోకాళ్లనొప్పులలో కొంత భాగం ఈ నడిమధ్య ఖాళీలో పుట్టినదే. మాటిమాటికీ వంగడం, చేతులు తలపైకి ఎత్తడం, గట్టినేల మీద గంటలకొద్దీ నిలుచుండడం వాతప్రకోపానికి కారణాలు. వాతం ప్రకోపించిన కీలుకు ఎంత తైలం రాచినా, కారణం తొలగనిదే ఉపశమనం నిలువదు.

గట్టు ఎత్తుకు ఒక సులువైన కొలత ఉన్నది. వంట చేసేవారు నిటారుగా నిలుచుండి మోచేతిని వంచాలి. మోచేతికి నాలుగైదు అంగుళాల దిగువన గట్టు ఉంటే తరగడానికి, కలపడానికి అనువు. ఐదడుగుల స్త్రీకి ఇది సుమారు 32 అంగుళాలు. అయితే గట్టు మీద పొయ్యి, పొయ్యి మీద గిన్నె చేరేసరికి గిన్నె అంచు మోచేతిని దాటి పైకి పోతుంది. అప్పుడు గరిటె తిప్పే ప్రతిసారీ భుజం ఎత్తవలసిందే. కొత్తగా కట్టుకొనేవారు పొయ్యి ఉండే భాగాన్ని మిగిలిన గట్టు కంటే నాలుగైదు అంగుళాలు తగ్గించి కట్టించుకోవాలి. తాపీమేస్త్రీ వద్దంటాడు, చూపుకు బాగుండదంటాడు. వినవలసిన పని లేదు. అద్దె ఇంట ఉండేవారు వెడల్పుగా ఉండి కదలని చెక్కపీట మీద నిలుచుండవచ్చును. కూరలు తరగడం, బియ్యం ఏరడం, చిక్కుళ్లు ఒలవడం వంటి పనులకు నిలుచుండవలసిన అగత్యమే లేదు. ఒక చిన్న బల్ల, దానికి తగిన కుర్చీ ఆ పనులకు చాలును.

ఒక పూట ఒక పని చేసి చూడండి. గోడకు పలక గాని కాగితం గాని తగిలించి, వంగినప్పుడల్లా ఒక గీత, తలపైకి చేయి ఎత్తినప్పుడల్లా ఒక గీత, గది దాటి వెళ్లినప్పుడల్లా ఒక గీత గీయండి. ఏ వస్తువు కోసమో ప్రక్కన వ్రాయండి. ఏది ఎక్కడికి మారాలో ఆ కాగితమే చెబుతుంది. ఇంటి యజమానులు ఈ గీతలు తామే గీసే బాధ్యత తీసుకొంటే మరీ మంచిది. కొందరికి మొదటిసారిగా తమ ఇంటి వంటగది కనబడుతుంది.

గురువుగారి మందుల గది

గురుకులంలో నేను మొదటి ఏడాది నేర్చినది శ్లోకాలు కాదు, మందుల గది ఊడ్చి సర్దడం. గురువుగారి నియమాలు కొన్నే. నిత్యం వాడే చూర్ణాలు నడుముకు, భుజానికి మధ్య ఎత్తులో. బరువైన తైలపు జాడీలు క్రింద. ఏడాదికోసారి వాడేవి పైన. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు ఒకే పెట్టెలో, ఎందుకంటే త్రికటుకంగా అవి కలిసే పోతాయి. అక్షరక్రమంలో కాదు, రంగుల క్రమంలో కాదు, కలిసి పనిచేసేవి కలిసి ఉండాలి. వసనాభి, నల్లజీడి, ఉమ్మెత్త గింజలు వేరే గదిలో, తాళం క్రింద.

వంటింటికి ఈ నియమాలు అట్లే వర్తిస్తాయి. సాధారణంగా మనం గిన్నెలన్నీ ఒకచోట, డబ్బాలన్నీ ఒకచోట పెడతాము. అది కొట్టువాని పద్ధతి. వండేవారికి కావలసినది పనిని బట్టి కూర్పు. కాఫీపొడి, పంచదార, డికాక్షను పాత్ర, గ్లాసులు ఒకచోట ఉంటే తెల్లవారుజామున నిద్రకండ్లతో వెదుకులాట ఉండదు. ఇంట్లో ఇంకెవరైనా కాఫీ కలుపుకోగలుగుతారు కూడా. చింతపండు, బెల్లం, పులుసు గిన్నె, వడకట్టే జల్లెడ ఒకచోట. పథ్యం పాటించేవారి సామాను కంటికి ఎదురుగా, వేరే అరలో ఉండాలి. బియ్యం, నూనె డబ్బా వంటి బరువులను తలకు మించిన ఎత్తున ఎన్నడూ పెట్టరాదు.

పొడుల ఆయుష్షు

శార్ఙ్గధరుడు చూర్ణానికి రెండు నెలల తరువాత శక్తి తగ్గుతుందని, గుళికలకు, లేహ్యాలకు ఏడాది గడువని చెప్పినాడు. మన సాంబారుపొడి, ధనియాలపొడి, మిరియాలపొడి కూడా చూర్ణాలే కదా! వాసన ఇచ్చే సారం గాలికి ఎగిరిపోతుంది. వేడి తగిలితే మరింత త్వరగా పోతుంది. అందుచేత పొయ్యికి సరిగ్గా పైనున్న అర పొడులకు తగినది కాదు. పసుపు వెలుతురులో రంగు కోల్పోతుంది. ఏడాదికి సరిపడ ఒకేసారి కొట్టించే అలవాటు మానుకొని, ధనియాలు, మిరియాలు గింజలుగా నిలువచేసి, రెండు నెలలకు సరిపడ పొడి కొట్టుకొంటే డబ్బాలు చిన్నవవుతాయి, చోటు మిగులుతుంది. డబ్బా మీద పేరుతో పాటు తేదీ వ్రాయాలి. అన్నీ కొత్తవే మేలని కాదు; ఏడాది నిలువైన బియ్యం తేలికగా జీర్ణమవుతుంది, కొత్తబియ్యం గురువు. ఉల్లిపాయలను, బంగాళాదుంపలను ఒకే బుట్టలో పోయకండి, దుంపలు త్వరగా మొలకెత్తుతాయి.

అగ్ని, విషం

ఈ విషయంలో నేను కఠినంగానే చెబుతాను. ఫినాయిల్, యాసిడ్, కిరోసిన్, చీమలమందు, ఎలుకలమందు వంటగదిలో ఉండరాదు. శీతలపానీయపు ఖాళీసీసాలో ఫినాయిల్ పోసి గట్టు క్రింద పెట్టిన ఇండ్లను నేను చూశాను. అక్కడే నేల మీద పాకే పిల్లలనూ చూశాను. పసిబిడ్డ ఎత్తులో ఉన్న అర పసిబిడ్డదే అనుకోండి. ఒకవేళ బిడ్డ కిరోసిన్ గాని యాసిడ్ గాని త్రాగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు, పసర్లు పోస్తూ కాలం గడపకండి. సీసాతో సహా బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపొండి. ఆయుర్వేద వైద్యుడనైన నేను చెబుతున్న మాట ఇది.

వంటగ్యాసు గాలి కంటే బరువైనది. కారితే నేల మీదనే పరచుకొంటుంది. కావున సిలిండరును గుంట వంటి చోట, మూసిన అరలో ఉంచరాదు. నేలను అంటి గాలి ఆడే దారి ఉండాలి. 14.2 కిలోల గ్యాసు నిండిన సిలిండరు మొత్తం బరువు సుమారు 30 కిలోలు. దానిని ఒంటరిగా దొర్లించే సాహసం నడుము నొప్పి ఉన్నవారు చేయకూడదు. రబ్బరు గొట్టాన్ని 5 ఏండ్లకొకసారి మార్చాలి. వాసన వస్తే విద్యుత్ స్విచ్చులను ముట్టకుండా రెగ్యులేటరు కట్టి తలుపులు తెరవాలి. నూనెసీసా, మసిగుడ్డ, పట్టకారు చేతికందేటట్లు ఉండాలి. కాని వాటికోసం చేయి మంటమీదుగా పోకూడదు.

ముందు ఏది, తరువాత ఏది

సామాను సర్దినా పనిలో క్రమం లేకపోతే ఆయాసం తప్పదు. రాత్రి పడుకొనే ముందు పది నిమిషాలు చాలును: మర్నాటి కూర నిర్ణయించడం, నానవలసినవి నానబెట్టడం, గట్టు తుడిచి ఖాళీగా ఉంచడం. ఉదయం ముందుగా బియ్యం, పప్పు కడిగి నానవేసి, అవి నానే లోపల కూరలు తరగాలి. కుక్కరు ఎక్కించిన తరువాత పులుసు, దాని తరువాత కూర. అన్నింటికీ కావలసిన పోపు దినుసులు ముందే పళ్లెంలో తీసి ఉంచుకోవాలి. ఆవాలు చిటపటలాడుతుండగా ఇంగువ కోసం వెదికే ఇల్లాలి మనోవ్యాకులత ఆ పోపు నల్లబడడంలో మనకు తెలుస్తుంది.

వంట అయిన వెంటనే వండినవారు తినాలి. అందరికీ వడ్డించి, గిన్నెలు కడిగి, మూడు గంటలకు చల్లారిన అన్నం తినే స్త్రీలు అమ్లపిత్తంతో నా వద్దకు ఎందరో వస్తారు. గట్టు మీద ఒక చివర వారి కంచానికి చోటు ముందే కేటాయించి, అక్కడ మరే డబ్బా చేరకుండా చూడండి. వడ్డన పాత్రలు భోజనాల బల్ల మీదనే ఉంటే ఎవరికి వారు వడ్డించుకోగలరు.

ఇదంతా ఒక్కరోజున చేయబూనకండి. వంటగది మొత్తం ఒకేసారి దించినవారు సాయంత్రానికి జ్వరం తెచ్చుకోవడం నాకు తెలుసు. నెలాఖరున డబ్బాలు సగం ఖాళీ అయి తేలికగా ఉంటాయి. కొత్త సరుకులు రాకముందు ఒక అర, ఆ మరుసటి వారం ఇంకొక అర. మొదట పొయ్యికి కుడిచేతి వైపు ఉన్న అర తీసుకోండి. ఆరు నెలలుగా ముట్టని వస్తువును అందులో నుండి తీసి, ఆ చోటును పథ్యపు డబ్బాలకు ఇవ్వండి.