ముప్పై సెకన్ల బలం

ఒరేయ్ మనవడా, మనామాలో ఉంటూ కుస్తీ చూడలేదంటావేమిట్రా! 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బహ్రెయిన్ మగవాళ్ళకి మొట్టమొదటి బంగారు పతకం దక్కింది కుస్తీలోనే కదా. 97 కిలోల ఫ్రీస్టైల్‌లో అహ్మద్ తజుదినోవ్ గెలిచాడు. పుట్టింది రష్యాలోని దాగెస్తాన్‌లో, పట్టింది మీ బహ్రెయిన్ తరఫున. 2025 అక్టోబరులో ఆసియా యూత్ గేమ్స్ కూడా మీ దగ్గరే పెట్టారు. పరుపు మీద కుస్తీ, ఇసుకలో కుస్తీ, కోటు పట్టుకుని నిలబడే పట్టే కురాష్, చివరికి మన కబడ్డీ కూడా ఉన్నాయి.

సరే, అసలు సంగతి విను. పెద్దవాళ్ళ పరుపు కుస్తీ అంటే మూడేసి నిమిషాలు రెండు విడతలు, నడుమ అర నిమిషం విరామం. ఆ ఆరు నిమిషాలూ ఒకే జోరుండదు. కాసేపు మెడలూ మణికట్లూ పట్టుకుని తోపులాట, ఉన్నట్టుండి కాళ్ళ మీదికి దూకడం. రొమ్ములో గాలి నిండుగానే ఉంటుంది గానీ, ఆ దూకుడప్పుడు కండ అడిగే వేగానికి అందే ఆక్సిజన్ చాలదు.

అప్పుడు కండ చేసేది పొయ్యి రాజేసే పనే అనుకో. ముందు తాటాకు, అంటే క్రియాటిన్ ఫాస్ఫేటు. భగ్గుమని పది సెకన్లు తిరక్కుండానే అయిపోతుంది. తర్వాత చితుకులు, కండలో దాచుకున్న గ్లైకోజెన్. మంట బాగానే వస్తుంది గానీ పొగెక్కువ. ఆ పొగే కండలో పేరుకునే ఆమ్లం. మొద్దు అంటుకోవాలంటే మాత్రం గొట్టంతో ఊదాలి, అది ఆక్సిజన్ పని.

ఆమ్లంతోపాటు లాక్టేటూ పుడుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు లీటరు రక్తంలో ఒకటి రెండు మిల్లీమోళ్ళుండేది, గట్టి కుస్తీ అయ్యాక పది దాటుతుంది. చెవితమ్మెకి సూది గుచ్చి ఒక్క బొట్టు తీస్తే చాలు, తెలిసిపోతుంది. పాపం, దాన్ని అందరూ తిట్టిపోస్తారు. నిజానికి గుండె దాన్ని కూడా ఇంధనంగా వాడుకుంటుంది. మర్నాటి ఒళ్ళునొప్పుల నేరమూ దానిది కాదు.

ఆక్సిజన్ చాలనప్పుడు కండ చూపించే ఈ బలాన్ని కొలవడానికి 1970ల్లో ఇజ్రాయెల్‌లో వింగేట్ పరీక్ష కనిపెట్టారు. కదలని సైకిలెక్కించి, ఒంటి బరువులో 7.5 శాతం భారం వేస్తారు. 60 కిలోల కుర్రాడికి నాలుగున్నర కిలోలు. ఇక 30 సెకన్లు చచ్చేట్టు తొక్కాలి. (కబడ్డీ కూతకి వెళ్ళినవాడికీ 30 సెకన్లే గడువు!) మొదటి అయిదు సెకన్లలో ఎంత లేచాడో, చివరికి ఎంత దిగజారాడో రెండూ రాసుకుంటారు. గ్రీకో-రోమన్ అనే కుస్తీ పద్ధతిలో నడుము కింద పట్టకూడదు, కాళ్ళు వాడకూడదు. అందుకని వాళ్ళచేత పెడళ్ళు చేతులతో కూడా తిప్పించాలి. అలాగని తొడల్ని వదిలేస్తే కుదరదు, ఎదుటివాణ్ణి ఎత్తి విసిరే సత్తువ తొడల్లోంచీ నడుములోంచే వస్తుంది. ఇసుక కుస్తీ అయితే మూడు పాయింట్లకే తేలిపోతుంది, అక్కడ తాటాకుదే రాజ్యం.

ఇంకోటి. పన్నెండేళ్ళవాడు పొట్టి వస్తాదు కాడు. చితుకుల్ని పెద్దవాళ్ళంత జోరుగా కాల్చే శక్తి వాడి కండకింకా రాలేదు. కానీ తేరుకోవడంలో మనల్ని మించిపోతాడు, కాసేపటికే మళ్ళీ గంతులు!

నాకు ఒళ్ళు మండేది తక్కువ బరువు విభాగంలో దిగాలని చేసే బరువు కోతకే. తూకానికి ముందు తిండీ నీళ్ళూ మాని, రబ్బరు సూట్లు వేసుకుని పరిగెత్తుతారు. దాంతో పోయేది ఒంట్లో నీరూ, ఆ గ్లైకోజెనూ. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళు ఇలా బరువు తగ్గబోయి చనిపోయాకే అక్కడి కాలేజీ కుస్తీల్లో ఆ సూట్లని నిషేధించారు. మీ జూలై ఎండల్లో ఏ కోచైనా నీ స్నేహితుడికి అలాంటిది తొడిగితే, ముందు వాళ్ళ నాన్నకి చెప్పు.