పుండు ఉందంటే సంచి తీయించుకోవడమేనా?

"గర్భసంచి మూతి దగ్గర పుండు ఉందమ్మా" అని డాక్టరమ్మ అనగానే సగం ప్రాణం పోతుంది. ఇందుకూరుపేట, మైపాడు వైపు వరి కయ్యల్లో, రొయ్యల గుంటల దగ్గర కూలికి వెళ్ళే ఆడవాళ్ళకు అప్పుడు రెండే దారులు కనిపిస్తాయి. ఎవరికీ చెప్పకుండా దాచుకోవడం, లేదా అప్పు చేసి సంచి తీయించుకోవడం. రెండూ సరైనవి కావు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద ఆ లెక్క 3 మాత్రమే.

పుండంటే క్యాన్సరేనా?

చాలాసార్లు కాదు. మామూలు ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఆ చోటు ఒరుసుకుపోయినట్టు ఎర్రగా కనిపిస్తుంది. అనుమానించాల్సింది హెచ్‌పీవీ వైరస్ ఏళ్ళ తరబడి వదలకుండా ఉండి కణాల్లో తెచ్చే మార్పుని. అది క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పదేళ్ళకు పైనే పడుతుంది. ఈలోగా పట్టుకుంటే చాలావరకు సంచి జోలికి పోనక్కర్లేదు.

ఎలా తెలుస్తుంది?

వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆసిడ్‌నే 3-5 శాతం పలుచన చేసి, దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పు వచ్చిన చోట తెల్లమచ్చ తేలుతుంది. మత్తు అక్కర్లేదు. 30-65 ఏళ్ళ స్త్రీలకు ఐదేళ్ళకోసారి ఈ పరీక్ష చేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం సూచించింది. తెల్లమచ్చ తేలినా క్యాన్సరని కాదు. కాల్పోస్కోపుతో దగ్గరగా చూసి, అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు.

వైద్యం ఏమిటి?

చిన్న మచ్చయితే అతిచల్లని గ్యాసుతో గడ్డకట్టించో, వేడితో మాడ్చో నిమిషాల్లో పోగొడతారు. పెద్దదైతే కరెంటు తీగతో ఆ భాగం వరకే తీస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి రావచ్చు. కొన్నాళ్ళు నీళ్ళలా అవుతుంది. నెల రోజులు కలయిక వద్దు. ఏడాదికి మళ్ళీ పరీక్ష తప్పనిసరి. క్యాన్సరే అని తేలితే మాత్రం ఆపరేషనో, రేడియేషనో వెంటనే మొదలుపెట్టాలి.

తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో శిక్షణ పొందిన నర్సులే ఈ పరీక్ష చేశారు. మచ్చలకు క్రయో వైద్యం కూడా వాళ్ళే చేశారు. అలా చేసిన ఊళ్ళలో ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

కలయిక తర్వాత రక్తం కనబడినా, ముట్లుడిగాక మళ్ళీ రక్తం అయినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా వాయిదా వేయకండి. ఏ బాధా లేకపోయినా ముప్పై దాటితే మీ ఊరి ఏఎన్‌ఎంని పరీక్ష గురించి అడగండి. క్యాన్సర్ భయం చెప్పి సంచి తీయాలని ఎవరైనా అంటే, "బయాప్సీ రిపోర్టు ఏదండీ?" అని అడగడానికి మొహమాటపడకండి.